మూజువాణి మాటున మన ప్రతినిధి



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారు. శాసనసభ పాఠం రాగానే పుస్తకం మూసేసి, ఆ ఏడాది సభలో గొడవ రేపిన ఒక బిల్లు పేరు బోర్డు మీద రాసి, మన ఎమ్మెల్యే దానికి అవునన్నాడో కాదన్నాడో కనుక్కు రమ్మనేవారని ఆయన శిష్యులు చెబుతారు. చాలామంది ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లట. అందులో పిల్లల తప్పేమీ లేదు. ఆ సమాచారం ఇప్పటికీ సులువుగా దొరకదు. ఎందుకు దొరకదు, దొరికితే మనకేం ఒరుగుతుంది అన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి గురించి ఇవాళ మనకు తెలిసినంత మన తాతలకు తెలియదు. 2002లోనూ 2003లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థీ ఫారం 26 కింద ప్రమాణపత్రం దాఖలు చేస్తున్నాడు. పొలం ఎన్ని ఎకరాలు, ఇంట్లో బంగారం ఎంత, బ్యాంకు అప్పు ఎంత, కేసులెన్ని, అవి ఏ సెక్షన్ల కింద ఉన్నాయి, అన్నీ అందులో ఉంటాయి. నామినేషన్ వేసిన మర్నాటికల్లా పేపర్లలో వచ్చేస్తాయి. అదే మనిషి ఐదేళ్లు ఎమ్మెల్యేగానో ఎంపీగానో ఉండి మళ్లీ ఓటడగడానికి వస్తే, ఆ ఐదేళ్లలో ఏ బిల్లుకు అవునన్నాడు, దేనికి కాదన్నాడు, ఏ కీలకమైన రోజున సభకే రాలేదు అన్నదానికి మాత్రం ఆ పత్రంలో ఒక్క గడి కూడా లేదు. మనం అతన్ని పంపింది ప్రధానంగా ఆ పనికే. దాని లెక్క ఆయనా చెప్పడు, మనమూ అడగం.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్ముకున్న రైతుకు కమీషన్ కొట్టులో పట్టీ రాసిస్తారు. ఎన్ని టిక్కీలు, నికర తూకం ఎంత, క్వింటాలు ఏ ధరకు పోయింది, తాలు కింద ఎంత తీశారు, ముఠా కూలీ ఎంత, కమీషన్ ఎంత. చిన్న కాగితమే, కానీ ప్రతి కోతకూ అందులో ఒక వరుస ఉంటుంది. ఎక్కడో తేడా వచ్చిందనుకుంటే రైతు ఆ కాగితం పట్టుకునే నిలదీస్తాడు. శాసనసభ్యుడి ఐదేళ్ల పనికి అలాంటి పట్టీ ఒకటి ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ఒక్క ఓటు ఎంత పని చేస్తుందో ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మన వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం కర్నూలు సభలో పడిపోయింది ఒక్క ఓటుతోనే. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68. తగవు మద్యనిషేధం మీద. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది, ప్రకాశంగారు ఒప్పుకోలేదు. గీత కార్మికుల కుటుంబాలు కూడు లేక అల్లాడుతున్నాయని గౌతు లచ్చన్నగారు ఆ మంత్రివర్గాన్నే వీడారు. తాగుడు ఊళ్లను తినేస్తుందన్న భయం ఒక పక్క, తాటిచెట్టు తప్ప వేరే ఆధారం లేని మనుషుల ఆకలి మరో పక్క. రెండు వైపులా నిజాయితీపరులున్నారు. వాళ్లను నేను మెచ్చుకునేది ఒక విషయంలో. ఎవరెటో తేల్చుకున్నారు, దాని ఫలితం నెత్తికెత్తుకున్నారు, 1955 ఫిబ్రవరిలో మళ్లీ జనం ముందుకు వెళ్లారు.

నిడుబ్రోలు బిడ్డ ఎన్.జి.రంగాగారిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. సహకార వ్యవసాయం రైతు చేతిలోంచి భూమిని లాగేస్తుందని నమ్మి, 1959లో కాంగ్రెస్‌ను వదిలి స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. 1962లో తెనాలి ఓటర్లు ఆయన్ను ఓడించారు. ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్లి, రైత్వారీ భూములను కూడా ఎస్టేటు నిర్వచనంలోకి తెచ్చే పదిహేడో రాజ్యాంగ సవరణ మీద పోరాడారు. ఆ సవరణ 1964 ఏప్రిల్‌లో మొదటిసారి వీగిపోవడానికి కారణం వ్యతిరేక ఓట్లు కాదు. రాజ్యాంగ సవరణకు మొత్తం సభ్యుల్లో సగానికి పైగా మద్దతు కావాలి, ఆ రోజు అంతమంది అనుకూలురు సభలో లేరు. సభను ప్రత్యేకంగా పిలిపించి జూన్‌లో నెగ్గించుకున్నారు. రంగాగారి వాదనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. భూమి లేని కూలీ పక్షాన నిలబడి చూస్తే ఆ సవరణ అవసరమే అనిపిస్తుంది. అయినా ఆయన ఎటు ఉన్నారన్న సందేహం నిడుబ్రోలులో ఎవరికీ ఉండేది కాదు. ఏకీభవించని వాడికి కూడా అది దక్కాల్సిన మర్యాద.

ఇక 2014కి వద్దాం. మన తరం చూసిన అతి పెద్ద ప్రశ్న అది. రాష్ట్రపతి పంపిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మీద అభిప్రాయం చెప్పమని శాసనసభను అడిగారు. తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చిపడ్డాయి. జనవరి 30న, బిల్లును తిరస్కరించి వెనక్కి పంపాలన్న ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి తీర్మానాన్ని సభ ముందు పెట్టారు. స్పీకరు కుర్చీలో ఉన్నది తెనాలి ఎమ్మెల్యే నాదెండ్ల మనోహర్. పోడియం చుట్టూ సభ్యులు, కేకలు, నినాదాలు. ఆ గోలలో మూజువాణి ఓటుతో, అంటే నోటితో చెప్పిన అవును, కాదులతో, తీర్మానం నెగ్గిందని ప్రకటించి, సభను నిరవధికంగా వాయిదా వేశారు. సీమాంధ్ర సభ్యులు గెలిచామన్నారు, తెలంగాణ సభ్యులు అది చెల్లదన్నారు. ఆ పరిస్థితిలో సభాపతి స్థానంలో ఎవరున్నా పేరుపేరునా ఓట్లు లెక్కపెట్టగలిగేవారా అన్నది వేరే సంగతి. మిగిలిందేమిటంటే, 294 మంది ఎన్నికైన సభ్యుల్లో ఎవరు ఎటు ఓటేశారన్న జాబితా లేదు. మీ మనవడు అడిగితే చూపించడానికి కాగితం లేదు.

ఢిల్లీలో జరిగింది ఇంకా బాధాకరం. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే, విరిగిన మైకు, ఆ వెంటనే సస్పెన్షన్లు. సస్పెండైన వాళ్లలో గుంటూరు ఎంపీ రాయపాటి సాంబశివరావు ఉన్నారు, నరసరావుపేట ఎంపీ మోదుగుల వేణుగోపాలరెడ్డి ఉన్నారు, ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డి ఉన్నారు. బాపట్ల ఎంపీ పనబాక లక్ష్మి కేంద్రంలో మంత్రి. ఐదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 18న, టీవీ ప్రసారాలు ఆగిపోయి ఉండగా, తలుపులు మూసి ఉండగా, మూజువాణితో బిల్లు గట్టెక్కింది. అంటే రాష్ట్రం రెండుగా చీలిన ఆ సాయంత్రం ఈ నల్లరేగడి నేల పంపిన నలుగురిలో ముగ్గురు సస్పెన్షన్‌లో ఉన్నారు. నాలుగో సభ్యురాలి ఓటు మూజువాణిలో కలిసిపోయింది. వాళ్ల ఆవేదనను నేను శంకించను. కానీ 'వద్దు' అని ఇక్కడి జనం అన్న మాట, అన్న వాళ్ల పేర్లతో సహా పార్లమెంటు పుటల్లో ఎక్కవలసిన రోజున ఎక్కలేదు. అరుపు ఆ పూటకే వినిపిస్తుంది. ఓటు నమోదైతే వందేళ్లకైనా దొరుకుతుంది. ఆ రెండింటిలో ఏది ఎంచుకోవాలో మన ప్రతినిధులకు మనమే ముందుగా చెప్పి పంపాల్సింది.

నమోదు చేసే పద్ధతి లేకపోలేదు. లోక్‌సభలో 1957 నుంచే ఓటును యంత్రంతో నమోదు చేసే ఏర్పాటుంది. మూజువాణి ఫలితాన్ని ఎవరైనా ప్రశ్నించి డివిజన్ అడిగితే, లాబీలు ఖాళీ చేయమంటారు, మూడున్నర నిమిషాల పాటు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు. ప్రతి సభ్యుడి బల్ల మీద మీటలుంటాయి. ఆకుపచ్చ అవునని, ఎరుపు కాదని, పసుపు తటస్థమని. యంత్రం పని చేయకపోతే అదే రంగుల చీటీలిస్తారు. ఆ తర్వాత అచ్చయ్యే సభా కార్యక్రమాలను ఒకసారి తెరిచి చూడండి. పైన డివిజన్ నంబరు, దాని పక్కన గంటా నిమిషమూ, కింద అవునన్నవారు, కాదన్నవారు అని రెండు పట్టికలు. పేర్లు అక్షరక్రమంలో, ఇంటిపేరు ముందు వచ్చేలా ఉంటాయి. చీటీ ద్వారా ఓటేసిన వాళ్ల పేర్లు, సవరించుకున్న వాళ్ల పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. పొడిగా, నిస్సారంగా కనిపించే ఆ పేజీలంత విలువైనవి నాకు సభా కార్యక్రమాల్లో మరేవీ కనిపించవు.

ఇందులో ఒక సందు ఉంది. డివిజన్ అనవసరంగా అడిగారని సభాపతికి అనిపిస్తే, సభ్యులను ఉన్నచోటే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టవచ్చు. అప్పుడు సంఖ్య మాత్రమే నిలుస్తుంది, పేర్లు నమోదు కావు. ఏది అనవసరమో తేల్చే అధికారం కుర్చీదే. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి, హాజరైన సభ్యుల్లో ఐదో వంతు మంది కోరితే చాలు, పేరుపేరునా ఓటు నమోదు చేయాలని అక్కడ రాజ్యాంగంలోనే ఉంది. బ్రిటిష్ కామన్స్ సభ 1836 నుంచి ఓటేసిన వాళ్ల పేర్లు అచ్చేస్తోంది. అందుకే ఆ దేశాల్లో ఎన్నిక వచ్చిందంటే అభ్యర్థి పాత ఓట్లన్నీ బయటికి తీస్తారు. గర్భస్రావం మీద ఇలా, తుపాకుల మీద ఇలా, యుద్ధం మీద ఇలా అని ముఖాముఖి అడుగుతారు.

మనకు పేర్లు నమోదైన రోజులూ ఉన్నాయి. 2018 జూలై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానంపై చర్చను ప్రారంభించింది గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్. ఫలితం 126కు 325. ప్రత్యేక హోదా కోసం అదే ఏడాది ఏప్రిల్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు రాజీనామా చేశారు, వాళ్లలో ఒంగోలు ఎంపీ వై.వి.సుబ్బారెడ్డి ఒకరు. కాబట్టి హోదా మీద ఓటు జరిగిన రోజున ఒంగోలు కుర్చీ ఖాళీ. రాజీనామాను త్యాగమన్నారు, జయదేవ్ ప్రసంగాన్ని పోరాటమన్నారు. గెలవదని తెలిసినా సభలో ఉండి ఓటేయడమే సరైన పని అని నా తీర్పు. ఓడిపోయే ఓటుకు కూడా రికార్డులో చోటుంటుంది.

ఇక్కడ ఎవరైనా లేచి అడగవచ్చు. విప్ ఉండగా ఎంపీ ఓటు ఆయన ఓటెలా అవుతుంది, పార్టీ చెప్పినట్టు మీట నొక్కడమేగా అని. న్యాయమైన ప్రశ్న. 1985లో యాభై రెండో సవరణతో వచ్చిన పదో షెడ్యూలు విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందంది. డబ్బుకు అమ్ముడుపోయే ఫిరాయింపులను ఆపాలని తెచ్చారు. అవి ఆగలేదని మన జిల్లాల వాళ్లకు చెప్పాలా? 2019లో గెలిచి కొద్దికాలానికే పక్క మారిన గుంటూరు పశ్చిమ ఎమ్మెల్యే, చీరాల ఎమ్మెల్యేల మీద అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు గుమ్మంలోకి వచ్చాక. దొంగను పట్టని చట్టం, మనస్సాక్షితో ఓటేయాలనుకున్న వాణ్ణి మాత్రం భయపెడుతోంది. 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ, 1992లో కిహోటో హోలోహన్ కేసులో సుప్రీంకోర్టు, విప్‌ను ప్రభుత్వం నిలబడే పడే ఓట్లకు, పార్టీ మూల విధానాలకు పరిమితం చేయడం మేలన్నాయి. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

అయితే విప్ అన్న ఒక్క సాకుతో అభ్యర్థిని వదిలేయడానికి నేను ఒప్పుకోను. మాగుంట శ్రీనివాసులురెడ్డి 2009లో కాంగ్రెస్ ఎంపీ, 2014లో తెలుగుదేశం అభ్యర్థి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ, 2024లో తెలుగుదేశం ఎంపీ. లావు శ్రీకృష్ణదేవరాయలు నరసరావుపేట నుంచి 2019లో ఒక పార్టీ తరఫున, 2024లో మరో పార్టీ తరఫున గెలిచారు. పార్టీ మారడం వాళ్ల ఇష్టం, గెలిపించడం జనం ఇష్టం. కానీ కండువా మారినప్పుడు పాత ఓట్లు పాత పార్టీ ఖాతాలోకీ, కొత్త ఓట్లు కొత్త పార్టీ ఖాతాలోకీ పోతే, మధ్యలో ఆ మనిషి ఏ ఖాతాకూ బాధ్యుడు కాకుండా పోతాడు. 2019 డిసెంబరు 9న పౌరసత్వ సవరణ బిల్లుకు లోక్‌సభలో 311 అవునని, 80 కాదని వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ అవునన్నాయి. ఆర్నెల్లు దాటగానే 2020 జూన్‌లో మన శాసనసభ జాతీయ పౌర పట్టిక వద్దని తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక వక్ఫ్ సవరణ బిల్లుపై 288కి 232. ఈసారి తెలుగుదేశం అవుననీ, వైఎస్సార్ కాంగ్రెస్ కాదనీ చెప్పాయి. గుంటూరు తూర్పులో, నరసరావుపేటలో, చిలకలూరిపేటలో మసీదు వీధుల్లో ఓటడగడానికి వెళ్లే అభ్యర్థి, ఆ రెండు రాత్రుల్లో తన మనసులో ఏముందో, పార్టీ సమావేశంలో ఏమన్నాడో చెప్పాలి. బిల్లు మంచిదని నమ్మి ఓటేసి ఉంటే ఆ నమ్మకాన్ని అక్కడే, ఆ వీధిలోనే వివరించాలి.

రైతు బిల్లుల సంగతి మనకు మరీ దగ్గరిది. 2020 సెప్టెంబరులో వచ్చిన ఆ చట్టాల్లో ఒకటి యార్డు బయట, సెస్సు లేకుండా, ఎవరైనా కొనుక్కోవచ్చంది. గుంటూరు యార్డు మీద బతికే ముఠా కూలీలకు, కమీషన్ వ్యాపారులకు, గుమాస్తాలకు అది పొట్ట మీద దెబ్బ. శీతల గిడ్డంగిలో సరుకు పెట్టుకుని నేరుగా ఎగుమతిదారుకు అమ్ముకోగల పెద్ద రైతుకు అది వెసులుబాటు. అప్పు కమీషన్ కొట్టులోనే తెచ్చుకుని, సరుకు అక్కడికే తోలక తప్పని కౌలు రైతుకు అది దాదాపు అందని మాట. ఒకే ఊళ్లో మూడు ప్రయోజనాలు, మూడు అభిప్రాయాలు. ఇలాంటి బిల్లు మీదే కదా ఎవరి ఓటు ఎటో తెలియాలి. సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ అడిగింది, ఇవ్వలేదు, మూజువాణితో ముగించారు. వైఎస్సార్ కాంగ్రెస్ బిల్లులను సమర్థించింది. డిసెంబరు 8న వాటికి వ్యతిరేకంగా భారత్ బంద్ జరిగితే అదే పార్టీ ప్రభుత్వం సంఘీభావం ప్రకటించి మధ్యాహ్నం దాకా కార్యాలయాలు మూయించింది. 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు కూడా చర్చ లేకుండా, మూజువాణితోనే, నిమిషాల్లో అయిపోయింది. రావడం, పోవడం రెండూ పేర్లు లేని ఓటుతోనే.

రాజధాని మాట ఎత్తకుండా ఈ జిల్లాల్లో ఉపన్యాసం ముగించలేం. అమరావతికి భూములిచ్చిన 29 గ్రామాలు తాడికొండ, మంగళగిరి నియోజకవర్గాల్లోవి. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు శాసనసభలో గట్టెక్కినప్పుడు ఆ రెండు స్థానాల ఎమ్మెల్యేలూ పాలకపక్షం వాళ్లే. వారం తిరిగేసరికి, 27న, ఆ బిల్లుకు అడ్డుపడిన శాసనమండలి రద్దు తీర్మానానికి 133 మంది అవునన్నారు, కాదన్నవారు లేరు, తెలుగుదేశం సభకు రాలేదు. 2021 నవంబరు 23న అదే సభ ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. అవునన్న 133 మందిలో మన రెండు జిల్లాల వాళ్లకు, మొదటిసారి ఎందుకు అవునన్నారో, రెండోసారి ఎందుకు వెనక్కి తగ్గారో తమ నియోజకవర్గంలో సభ పెట్టి చెప్పవలసిన బాధ్యత ఉంది. సభకు రాకుండా ఉండిపోయిన ప్రతిపక్షానికీ ఉంది. 'కాదు' అని నమోదు చేసే అవకాశాన్ని వాళ్లంతట వాళ్లే వదులుకున్నారు.

మాస్టారి నిధిని నిర్వహిస్తున్న పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది నాలాంటి మరో వక్తను పిలిచే ముందు ఒక చిన్న పుస్తకం వేయించండి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ఎంపీలు, ఎమ్మెల్యేలు 2014 నుంచి ప్రతి ప్రధానమైన బిల్లు మీద ఎటున్నారో పేరుపేరునా రాయించండి. డివిజన్ జరిగితే ఓటు, ప్రసంగించి ఉంటే దాని సారాంశం, రాకపోతే రాలేదని. మూజువాణితో పోయిన చోట 'నమోదు లేదు' అని రాయించండి, ఆ గళ్లు ఎన్ని ఉన్నాయో జనం చూస్తారు. అచ్చు వేసే ముందు ప్రతి సభ్యుడికీ ఒక ప్రతి పంపి వివరణ అడగండి, ఇచ్చిన వివరణను యథాతథంగా వేయండి. ఏ పార్టీకీ మొగ్గు చూపకండి. సమాచారం సేకరించడానికి మన కాలేజీల విద్యార్థులు చాలు, ఇవాళ ఈ హాల్లోనే యాభై మంది కనిపిస్తున్నారు. ఎన్నికల ప్రకటన వెలువడేలోగా ప్రతి గ్రంథాలయానికి, ప్రతి రైతు సేవా కేంద్రానికి, మిర్చి యార్డుకు ఒక ప్రతి చేర్చండి. అభ్యర్థి మీ ఊరు వచ్చినప్పుడు దండ వేయండి, మంచినీళ్లివ్వండి, ఆ తర్వాత ఆయన పేజీ తెరిచి అడగండి.